నాలుగు చక్రాల ఇల్లు, ఎనిమిది కాళ్ళ బలగం

కుక్కతో కలిసి ఒకే గదిలో నాలుగు రాత్రులు పడుకుంటానని నా పెళ్ళినాడు ఏ సిద్ధాంతిగారైనా జాతకం చూసి చెప్పి ఉంటే, ఆయనకు సంభావన ఇవ్వవద్దని మా నాన్నగారితో చెప్పి ఉండేదాన్ని. అందులోనూ ఒక కుక్క కాదు, రెండు. గది అని మాటకు అన్నాను గాని అది గదీ కాదు, చక్రాల మీద నడిచే ఇల్లు. ఆ ఇల్లు ఆగింది మన గుంటూరు జిల్లాలోనూ కాదు. జర్మనీ దేశంలో, మ్యూనిక్ మహానగరంలో, ఈజార్ నది ఒడ్డున.

నవ్వుకునేవారు నవ్వుకోండి. నేనూ నవ్వుతూనే చెబుదామని మొదలుపెట్టాను. చివరిదాకా నవ్వుతానో లేదో మాత్రం చెప్పలేను.

మాది తెనాలి. మావారు హైస్కూల్లో లెక్కల మేష్టారుగా చేసి రిటైరయ్యారు. రిటైరయిన ఏడాదే ఒక వీధికుక్కపిల్లను ఇంటికి తెచ్చారు. "నేను తేలేదే, అదే నా వెంట వచ్చింది" అనేవారు. గోధుమరంగు ఒళ్ళు, పైకి సున్నా చుట్టినట్టు తిరిగిన తోక. రాజు అని పేరు పెట్టారు. నేనేమో మడీ ఆచారమూ పట్టింపు ఉన్న మనిషిని. "అది గడప దాటి లోపలికి వచ్చిందంటే, నేను గడప దాటి బయటికి పోతాను" అన్నాను. రెండుసార్లు రాబోయింది. రెండుసార్లూ చీపురు తిరగేశాను. మూడోసారి రాలేదు. ఆ తర్వాత పదేళ్ళలో ఒక్కనాడు గడప మీద కాలు మోపలేదు.

మావారు రెండు పూటలా వీధి మెట్టుమీద కూర్చుని, సత్తుపళ్ళెంలో పెరుగన్నం కలిపి పెట్టి, అది తినేదాకా కబుర్లు చెప్పేవారు. 2021లో ఆయన పోయారు. ఆ పళ్ళెం నా చేతికి వచ్చింది. అన్నం పెట్టలేదని నన్ను ఎవరూ అనలేరు. కాని మెట్టుమీద కూర్చుని కాదు; గడప లోపలే నిలబడి, వంగి, పళ్ళెం బయటికి తోసేదాన్ని.

2023 మే నెలలో మా అమ్మాయి టిక్కెట్టు పంపించింది. అమ్మాయీ అల్లుడూ స్టుట్‌గార్టులో ఉంటారు. ఇంటికీ వీధి గేటుకీ తాళాలు వేసి, తాళంచెవులు పెట్టెలో పెట్టుకుని, ఎదురింటి వదినగారితో "వీలయితే ఆ కుక్కకింత అన్నం పడెయ్యండి" అని చెప్పి విమానం ఎక్కాను.

అమ్మాయికి పిల్లలు లేరు. రెండు కుక్కలున్నాయి. వాటి పేర్లు విని నా చెవులు నేనే నమ్మలేదు. ఒకటి గారె, రెండోది బూరె! "దేవుడికి నైవేద్యం పెట్టే వాటి పేర్లు కుక్కలకా?" అన్నాను. "నీకు ఇష్టమైనవే కదమ్మా" అన్నది. ఏమనగలను?

గారె డాక్స్‌హుండ్ అనే జాతిది. పొట్లకాయకు రాయి కట్టి సాగదీసినట్టు పొడుగాటి ఒళ్ళు, పీటకోళ్ళలాంటి పొట్టి కాళ్ళు. జర్మనీలో పుట్టిన జాతి అది. 1972లో మ్యూనిక్‌లో ఒలింపిక్సు జరిగినప్పుడు ఈ జాతి కుక్కనే బొమ్మగా చేసి, వాల్డి అని పేరు పెట్టి, ఆ పండుగకు గుర్తుగా పెట్టుకున్నారట. మారథాన్ పరుగు దారిని కూడా ఆ కుక్క ఆకారం వచ్చేటట్టు గీశారని అల్లుడు చెప్పాడు. "అంచేత అత్తయ్యగారూ, మనం గారెను వాళ్ళ పుట్టింటికి తీసుకుపోతున్నట్టే" అన్నాడు.

రెండోదాన్ని చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. గోధుమరంగు ఒళ్ళు, చుట్ట తిరిగిన తోక! రుమేనియా దేశంలో వీధులవెంట తిరిగిన కుక్కట. అక్కడివాళ్ళెవరో పట్టి, సూదులు వేయించి, ఇక్కడికి పంపిస్తే వీళ్ళు తెచ్చుకున్నారు. దాని మెడ దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత యంత్రం పెట్టారు. అందులో పదిహేను అంకెల నంబరు ఉంటుంది. ఆ నంబరు రాసిన నీలం అట్ట పాసుపోర్టు కూడా ఉంది. కుక్కపిచ్చి రాకుండా టీకా వేయించిన తేదీ అందులో రాయించనిదే సరిహద్దు దాటనివ్వరు. వీధికుక్కకు పాసుపోర్టు! నా పాసుపోర్టు కోసం నేను ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాను.

జూలైలో అల్లుడికి సెలవు దొరికింది. మోటార్‌హోమ్ ఒకటి అద్దెకు తెచ్చాడు. నేను దానికి ఇంటిబండి అని పేరు పెట్టాను. ఏడు మీటర్ల పొడుగు. అందులోనే రెండు పడకలు, రెండు మంటల గ్యాసుపొయ్యి, చిన్న ఫ్రిజ్జు, వంద లీటర్ల మంచినీళ్ళ తొట్టి, బీరువా అంత స్నానాలగది. బరువు మూడున్నర టన్నులు మించదు గనుక మామూలు కారు లైసెన్సుతోనే నడపవచ్చునట. గురువారం పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి మ్యూనిక్ చేరాం. దారిపొడుగునా మాకు బెల్టులు, కుక్కలకూ బెల్టులు.

మ్యూనిక్ నగరంలో టాల్‌కిర్షెన్ అనే పేట ఉంది. అక్కడ ఏటి ఒడ్డున చెట్ల మధ్య ఇలాంటి ఇంటిబళ్ళకు ఒక విడిది ఉంది. ఊరి నడిబొడ్డుకు భూగర్భ రైల్లో ఆరో స్టేషను. అయినా చెట్లూ పిట్టలూ చూస్తే మన కృష్ణ ఒడ్డు లంక తోటలాగే ఉంది. గుమ్మస్తా పిల్ల మమ్మల్ని చూసి అడిగిన మొదటి ప్రశ్న "ఎందరు మనుషులు, ఎన్ని కుక్కలు?" అని. మనిషికింత, బండికింత, కుక్కకింత అని రోజుకు లెక్క. రాత్రి పది దాటితే చప్పుడు చేయకూడదు. కుక్కకు తాడు ఉండాలి. అది మురికి చేస్తే యజమాని సంచీలోకి ఎత్తి పారవేయాలి. ఆ ఎత్తేది మా అమ్మాయి! చిన్నప్పుడు తన కంచం తను కడగమంటే ఏడ్చిన పిల్ల.

బండి ఆపాక అల్లుడు చక్రాల కింద దిమ్మలు పెట్టి మట్టం చేశాడు. నీలం ప్లగ్గు ఒకటి స్తంభానికి గుచ్చితే కరెంటు వచ్చింది. ఒక గుడ్డ పందిరి లాగి నాలుగు కుర్చీలు వేశాడు. పది నిమిషాల్లో కాపురం సిద్ధం. ఇక పాయిఖానా సంగతి. అడుగున ఒక పెట్టె ఉంటుంది. అల్లుడు రోజూ పొద్దున్నే దాన్ని చక్రాల మీద లాక్కుపోయి ఖాళీ చేసి కడిగి తెచ్చేవాడు. "మీ అమ్మగారితో చెప్పను లే నాయనా" అన్నాను. "చెప్పండి అత్తయ్యగారూ, ఇంజనీరు చదివించినందుకు సంతోషిస్తుంది" అన్నాడు.

నా వెంకటేశ్వరస్వామి పటాన్ని పై అరలో పెట్టాను. కింద గారె, బూరె. మడిబట్ట ఆరేసుకోవడానికి బండి వెనకాల తాడు కట్టించుకున్నాను. పప్పుచారు పోపు వేస్తే ఆ వాసనకు పక్కబండి వాళ్ళు తొంగిచూశారు. రాత్రి దీపం ఆర్పగానే బూరె చప్పుడు లేకుండా నా మంచం ఎక్కింది. తోశాను, దిగింది. మళ్ళీ ఎక్కింది. అమ్మాయి నిద్ర చెడిపోతుందని అరవలేదు. తెల్లవారి చూసుకుంటే దాని వీపు నా పాదాలకు ఆని ఉంది. లేచి తలంటుకున్నాననుకోండి. కాని చెప్పొద్దూ, ఆ రాత్రి కాళ్ళు లాగలేదు.

విడిదిలో ఒక విచిత్రం కనిపెట్టాను. అక్కడ మనిషి పేరు ఎవరికీ తెలియదు, కుక్క పేరు అందరికీ తెలుసు. మర్నాటికల్లా "గుటెన్ మోర్గెన్, బూరె" అని పలకరిస్తూ పోయేవారు. కుక్క లేని బండి వాళ్ళు తమ దోవన తాము పోయేవారు. పక్కబండిలో ఒక డచ్చి పెద్దాయన ఉండేవాడు. డెబ్భై అయిదేళ్ళుంటాయి. భార్య పోయిందట. నెరిసిన మూతితో నల్లటి ముసలి కుక్క ఒకటే తోడు. అది మెట్లెక్కలేదని బల్లచెక్క వాలుగా వేసి, చేత్తో నడుం పట్టి ఎక్కించేవాడు. మా విడిదికి దగ్గర్లోనే ఏటిలో తెప్పలు వచ్చి ఆగుతాయి. ఎక్కడో ఎగువన వోల్‌ఫ్రాట్స్‌హౌజెన్ అనే ఊళ్ళో దుంగలు కట్టిన తెప్పలెక్కి, మేళతాళాలతో, బీరు తాగుతూ ఇక్కడిదాకా వస్తారు. సాయంత్రం ఆయనా నేనూ ఆ తెప్పలను చూస్తూ గట్టుమీద కూర్చున్నాం. ఆయన ఇంగ్లీషు కొంత, నా ఇంగ్లీషు కొంత. మిగతాది కుక్కలు చూసుకున్నాయి.

శుక్రవారం అందరం ఊరు చూశాం. రైల్లో టిక్కెట్టు కొన్నవాళ్ళు తలా ఒక కుక్కను ఉచితంగా వెంట తీసుకుపోవచ్చు. మారియెన్ ప్లాట్జ్ చౌకులో, నగర సభామందిరం గోపురం మీద, పన్నెండు కొట్టగానే నలభై మూడు గంటలు మోగాయి. ముప్ఫయి రెండు బొమ్మలు పెళ్ళి ఉత్సవమూ, పీపాలు చేసేవాళ్ళ నృత్యమూ ఆడాయి. అందరూ పైకి చూస్తుంటే గారె మాత్రం ఎవరి చేతిలోనో ఉన్న రొట్టెను చూసింది. హోటల్లో మేం తాగిన మంచినీళ్ళకు డబ్బు పుచ్చుకున్నారు. కుక్కలకు మాత్రం అడగకుండానే గిన్నెతో నీళ్ళు తెచ్చి పెట్టారు, ఊరికే.

ఆ గిన్నె నాకు ఆ పూట వింతగా తోచిందంతే. ఇంకేమీ తోచలేదు.

శనివారం నాడు అమ్మాయీ అల్లుడూ డాయిచ్ మ్యూజియం చూడాలన్నారు. ఏటి మధ్య దీవిలో ఉంటుంది. అల్లుడికి ఇంజన్లంటే పిచ్చి. అందులోకి కుక్కల్ని రానివ్వరు. నాకు కాళ్ళు నొప్పిగా ఉన్నాయి. "మీరు వెళ్ళిరండి, నేను చూసుకుంటాను" అన్నాను. అమ్మాయి పదిసార్లు చెప్పింది. "పందిరి కింద నీడలోనే ఉంచు. నీళ్ళు చూస్తూ ఉండు. బండిలో పెట్టి తలుపు మాత్రం వేయకమ్మా." "నిన్ను పెంచినదాన్ని, కుక్కను చూడలేనా?" అన్నాను.

శనివారాలు నేను ఒంటిపూట ఉంటాను. తలస్నానం చేసి దీపం పెట్టందే పచ్చి మంచినీళ్ళు ముట్టను. బండిలోని స్నానాలగది చాలక విడిది స్నానాల సావిడికి పోదామనుకున్నాను. కుక్కల్ని బయట కట్టి పోతే ఎవరైనా పట్టుకుపోతారేమో, మొరుగుతాయేమో అని భయం. "పావుగంటే కదా" అనుకుని వాటిని బండిలోకి తోలి, దూకుతాయని కిటికీలు వేసి, తలుపు తాళం వేసి పోయాను.

అక్కడ స్నానానికి నలుగురు నిలబడి ఉన్నారు. నా వంతు వచ్చి, తలంటుకుని, చీర ఉతికి పిండుకుని వచ్చేసరికి ముప్పావుగంట అయింది. ఎండ ముప్ఫయి డిగ్రీలు దాటింది. పొద్దున నీడలో ఉన్న బండి మీదికి పూర్తిగా ఎండ వచ్చింది. డచ్చి పెద్దాయన మా తలుపు బాదుతున్నాడు. లోపలినుంచి బూరె అరుపు కాదు, గోకుడు వినిపిస్తోంది. తాళం తియ్యబోతే నా చేతిలోంచి తాళంచెవి జారిపోయింది. ఆయనే తీసి తెరిచాడు.

వేడి ఆవిరి మొహాన కొట్టింది. బూరె నాలుక అరచేతి పొడుగున వేలాడేసి బయటికి వచ్చి పడింది. గారె రాలేదు. నేల మీద పక్కకు పడుకుని ఎగశ్వాస తీస్తోంది. ఆయన దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని చెట్టు నీడకు తెచ్చాడు. చన్నీళ్ళు తెమ్మన్నాడు. నేను చేతిలో ఉన్న తడి మడిచీరే ఇచ్చేశాను. దాన్ని మడిచి నేలమీద పరిచి, గారెను దానిమీద పడుకోబెట్టి, పొట్టమీదా పాదాలమీదా నీళ్ళు పోసి, అట్టముక్కతో విసిరాడు. నీళ్ళు కొంచెం కొంచెంగా నాలుక మీద తడిపాడు. ఎంతసేపో తెలియదు. నేను స్వామికి మొక్కుకున్నాను. ఎవరి కోసం మొక్కుకుంటున్నానో అప్పుడు నాకు తోచనే లేదు.

గారె తల ఎత్తి చూసింది. తర్వాత లేచి, ఒళ్ళు దులుపుకుని, నా చీరమీదే వాంతి చేసుకుంది. పెద్దాయన నవ్వాడు. నాకు ఏడుపు వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తమ బండిలోని ఉష్ణమాపకం చూపించి, బయట ఇరవై నాలుగు డిగ్రీలే ఉన్నా, ఎండలో మూసిన కారు లోపల పది నిమిషాల్లో ముప్ఫయి నాలుగు, అరగంటలో నలభై మూడు దాకా పోతుందని నిదానంగా చెప్పాడు. మనిషికి ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు అలా పట్టదు, రొప్పి రొప్పి ఒంటి వేడి తగ్గించుకోవలసిందే. లోపలి గాలే నిప్పయినప్పుడు రొప్పి మాత్రం ఏం లాభం?

సాయంత్రం పిల్లలు వచ్చాక దాచకుండా చెప్పేశాను. అల్లుడు వెంటనే పశువైద్యుడికి ఫోను చేసి గారెను తీసుకుపోయి చూపించి తెచ్చాడు; భయం లేదన్నారు. అమ్మాయి నన్ను కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు తుడుస్తూ, నా వంక చూడకుండా, "అమ్మా, రాజుకు నీళ్ళు ఎవరు పెడుతున్నారు?" అని అడిగింది.

అన్నం సంగతి వదినగారితో చెప్పానుగాని, నీళ్ళ సంగతి! కుళాయి కింద తొట్టి గేటు లోపల ఉంది. పగలంతా అది పడుకునే వరండా నీడ గేటు లోపల ఉంది. మే నెలలో, రోళ్ళు పగిలే ఎండల్లో, ఆ గేటుకు తాళం వేసి తాళంచెవి పెట్టెలో పెట్టుకుని వచ్చాను. ఇక్కడ ముప్పావుగంట. అక్కడ రెండు నెలలు.

నిద్ర పట్టలేదు. రెండు గంటలప్పుడు ఫోను పుచ్చుకుని బయటికి వచ్చాను. మనకు తెల్లవారి అయిదున్నర. వదినగారు ముగ్గు వేసే వేళ. నా వెనకే బూరె దిగి వచ్చి పాదాల దగ్గర కూర్చుంది. గొంతు తగ్గించి అడిగాను. వదినగారు కాస్సేపు మాట్లాడలేదు. "చెప్పకూడదనుకున్నాం వదినగారూ. మీరు వెళ్ళిన వారం రోజులు గేటు దగ్గరే పడుకుని ఉన్నది. పెట్టింది సరిగా తినలేదు. తర్వాత కుక్కల బండి వచ్చి వీధిలో నాలుగయిదింటిని పట్టుకుపోయింది. ఆ తర్వాత మళ్ళీ కనబడలేదు" అన్నారు.

ఆగస్టులో తిరిగివచ్చాను. గేటు తెరిచాను. తొట్టి ఎండిపోయి ఉంది. కడిగి నింపాను. మూడు రోజులు చూశాను. నాలుగోనాడు సత్తుపళ్ళెం సంచిలో వేసుకుని కాలవగట్టు వెంట బయలుదేరాను. నన్ను ఎరిగినవాళ్ళు "ఎక్కడికండీ?" అంటే "కుక్కను వెతకడానికి" అని చెప్పడానికి మొదట సిగ్గేసింది, తర్వాత వెయ్యలేదు. వంతెన దగ్గర టీకొట్టు బల్లకింద పడుకుని ఉంది. బాగా చిక్కింది. ఎడమచెవి కొస కత్తిరించినట్టుంది. ఎవరు కొట్టారో అనుకున్నాను. టీకొట్టు అబ్బాయి చెప్పాడు: "కొట్టింది కాదమ్మా. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, టీకా వేసి, గుర్తుకి అలా కత్తిరిస్తారు. చేశాక పట్టినచోటనే వదిలెయ్యాలని రూలు. వదిలారు గాని మీ గేటు మూసి ఉంది గదా. ఇటు వచ్చింది." బూరెకు నీలం అట్ట పాసుపోర్టు. మా రాజుకు చెవిమీద గాటు.

"రాజూ" అన్నాను. పదేళ్ళలో దాన్ని పేరుపెట్టి పిలవడం అదే మొదలు. లేచి, తోక ఊపకుండా, పది అడుగులు వెనకగా నా వెంట వచ్చింది. గేటు దాటింది. తొట్టిలో నీళ్ళు తాగింది, చాలాసేపు. మెట్టు దగ్గర ఆగింది. నేను లోపలికి వెళ్ళి, తలుపు బార్లా తీసి, "రా" అన్నాను. రాలేదు. అన్నం కలిపి లోపల పెట్టాను. చూసింది, రాలేదు. ఒకనాడు చీపురుతో నేర్పిన పాఠం అది. ఇప్పుడు పెరుగన్నంతో మరిపించలేకపోయాను.

అందుకని నేనే పళ్ళెం పుచ్చుకుని గడప దాటి వచ్చి, మావారు కూర్చున్న మెట్టుమీద కూర్చున్నాను. ఇప్పుడు రెండు పూటలా అక్కడే కూర్చుంటున్నాను. తొట్టిని గేటు బయట పెట్టించాను. వీధిలో మిగతావి కూడా తాగి పోతున్నాయి. వదినగారు చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి.

అమ్మాయి మళ్ళీ రమ్మంటున్నది. ఈసారి ఇంటిబండిలో సముద్రం దాకా పోదామంటుంది. బూరె నా మంచం ఖాళీగా ఉందని ఎదురుచూస్తోందట. వస్తానన్నాను. కాని టిక్కెట్టు కొనేముందు, రాజుకు నీళ్ళు ఎవరు పెడతారో నన్ను చూసుకోనివ్వమని చెప్పాను.